సున్నా మాస్టారి గవ్వల తరగతి

సున్నా మాస్టారికి ఆ పేరు ఊరికే రాలేదు. బడిలో లెక్కలు చెప్పినన్నాళ్ళూ ఆయన వేసిన సున్నాలు వృత్తలేఖినితో గీసినంత గుండ్రంగా ఉండేవి. సున్నా తెచ్చుకున్న పిల్లవాడు ఏడుస్తూనే దాని అందాన్ని ఒకసారి చూసుకునేవాడు. రిటైరయ్యాక కూడా ఎర్ర కలం ఆయన చొక్కా జేబు దిగలేదు. కూతురు తగిలించిన ఫొటో కాస్త వంకరగా ఉందని, దాని పక్కన గోడమీదే తప్పు గుర్తు పెట్టిన మనిషి ఆయన.

ఆ ఇంట్లో ఆయనకు ఉన్నది ఒకటే కొరత. ఎనిమిదేళ్ళ మనవరాలు పక్కన కూర్చోదు. అందరితోనూ గలగలా మాట్లాడే పిల్ల, తాతయ్య కుర్చీ దగ్గరికి వచ్చేసరికి పుస్తకం మూసి, నోరు మూసి, మెల్లగా జారుకుంటుంది. ఊళ్ళో సగంమందికి ఎక్కాలు నేర్పిన మనిషిని చూసి సొంత మనవరాలు చేతులు వెనక్కి దాచుకుంటే ఎలా ఉంటుంది? పైకి మాత్రం, దీనికి ఏకాగ్రత తక్కువ అనేవారు.

ఒకరోజు కూతురు బట్టలు మడతపెడుతూ సంగతి తేల్చేసింది. "దానికి లెక్కలంటే భయం లేదు నాన్నా, మీరంటేనే భయం. సెలవులేగా, పిల్లల్ని పోగేసి సముద్రపు ఒడ్డున గవ్వలు ఏరండి. వాటితో ఏవో ఆటలు ఆడించండి, బొమ్మలు చేయించండి. కాస్త సరదాగా ఉండండి."

మాస్టారు సరదాని కూడా పాఠంగానే తీసుకున్నారు. వరండాలో బల్లలు వేయించి, గోడకు టైంటేబుల్ అంటించారు. మొదటి పీరియడ్‌లో గవ్వల్ని సైజువారీగా వేరు చెయ్యాలి. ఆ తర్వాత చిన్నదీ పెద్దదీ వరస తప్పకుండా పేర్చాలి. సీసాలో ఎన్ని ఉన్నాయో చూపుతోనే చెప్పాలి. చివరికి అట్టమీద జిగురుతో గవ్వల సీతాకోకచిలుక చెయ్యాలి, దాని రెక్కలు సరిసమానంగా ఉన్నాయో లేదో ఆయన స్కేలు పెట్టి చూస్తారు. గంట కొట్టాక నవ్వుకోవచ్చు, మళ్ళీ గంట కొట్టేదాకా. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటే ఏమిటో వీధి పిల్లలందరికీ వారం తిరక్కుండానే తెలిసొచ్చింది.

తల్లిదండ్రులు గొడవకు వచ్చారనుకుంటే మీరు ఆ వీధిని ఎరగరన్నమాట. వాళ్ళు మురిసిపోయారు. మందుల షాపాయన తన కొడుక్కి సరదాలో మార్కులు ఎందుకు తగ్గాయో కనుక్కోవడానికి షాపు మూసుకుని మరీ వచ్చాడు. పళ్ళ డాక్టరమ్మ తన కూతురికి సాయంత్రాలు విడిగా సరదా నేర్పే ట్యూషన్ ఎక్కడైనా ఉందేమోనని వాకబు చేసింది. కాంట్రాక్టరైతే కొడుకు సీతాకోకచిలుకను ఇంటికి పట్టుకుపోయి, ప్లాను గీసి, ఇద్దరు పనివాళ్ళను పెట్టి పూర్తి చేయించాడు. పిల్లవాడు దాన్ని ముట్టుకోబోతే కసిరాడు.

ఇలా సజావుగా సాగుతుండగా గవ్వలు తగ్గడం మొదలైంది. సాయంత్రం ఒడ్డునుంచి తెచ్చిన పెద్ద పెద్ద నత్తగుల్లల్ని మాస్టారు స్వయంగా లెక్కపెట్టి పళ్ళెంలో పోసేవారు. తెల్లారేసరికి కొన్ని మాయం. తన లెక్కలో ఏదో తేడా ఉందన్న అనుమానం ఆయనకు కలలో కూడా రాదు. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. కాబట్టి దొంగే ఉండాలి. పిల్లల్ని వరసగా నిలబెట్టి జేబులు తిరగేయించారు. మనవరాలి గౌను జేబులోనే ఒక నత్తగుల్ల దొరికింది.

"అది మెట్లమీద నడుచుకుంటూ పోతోంది తాతయ్యా," అంది పిల్ల. "ఒడ్డుకు తీసుకెళ్ళి వదిలేద్దామని జేబులో పెట్టుకున్నా."

మాస్టారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. గుల్ల గుల్లలాగే ఉంది. సొంత మనవరాలని ఊరుకుంటే రేపు వీధి ఏమంటుంది? గవ్వలకు కాళ్ళుంటాయా అని అందరిముందూ అడిగి, సీతాకోకచిలుక బదులు ఆ పిల్ల సగం అంటించిన గవ్వల తాబేలు పక్కన ఒక సున్నా చుట్టారు. ఎప్పటిలాగే చక్కగా వచ్చింది. పిల్ల ఏడవలేదు. తాబేలుని అక్కడే వదిలేసి లోపలికి వెళ్ళిపోయింది, మళ్ళీ వరండా గడప దాటలేదు. సున్నా వేసినందుకు మాస్టారు బాధపడటం అదే మొదటిసారి. కానీ వేసిన సున్నా కొట్టేసే అలవాటు ఆయనకు లేదు.

సెలవుల ఆఖరున ప్రదర్శన పెట్టారు. తండ్రులు కట్టిన గవ్వల లైట్‌హౌసులు, తల్లులు అంటించిన ఫొటో ఫ్రేములు బల్లలనిండా ఉన్నాయి. వాటి కింద తమ పేర్లు ఉండటం చూసి పిల్లలు ఆశ్చర్యపోతున్నారు. కాంట్రాక్టరు సీతాకోకచిలుక కళ్ళలో బల్బులు కూడా వెలుగుతున్నాయి. ఇక మిగిలింది పళ్ళెంలో ఎన్ని గవ్వలున్నాయో చెప్పడం. మొదటి ర్యాంకు తేలేది అక్కడే. మాస్టారు ఆ ఉదయమే స్వయంగా ఏరి, లెక్కపెట్టి, జవాబు చీటీమీద రాసి, పళ్ళెం మీద గుడ్డ కట్టి, పక్కనే కాపలా కూర్చున్నారు.

గుడ్డ తీసి, నిశ్శబ్దం అన్నారు. ఇరవై ఏళ్ళ వయసులో మొదలుపెట్టిన మాట అది, తిరుగులేదు. తల్లులూ తండ్రులూ కూడా ఊపిరి బిగబట్టారు. ఆ నిశ్శబ్దం చూసుకుని ఒక నత్తగుల్ల మెల్లగా కదిలింది. కిందనుంచి సన్నటి కాళ్ళు బయటపడ్డాయి. అది పళ్ళెం అంచు ఎక్కి, ర్యాంకుల కాగితం మీద పడి, మొదటి ర్యాంకు మీదుగా నడిచి వెళ్ళింది. దాని వెనక ఇంకొకటి, ఆ వెనక ఇంకో నాలుగు. ఖాళీ గుల్లల్లో కాపురముండే పీతలు. పళ్ళ డాక్టరమ్మ కుర్చీ ఎక్కింది. పిల్లలు గంట కొట్టకుండానే పగలబడి నవ్వారు.

నడిచి వెళ్ళిపోయినవాటిని మొత్తంలో కలపాలా, తీసెయ్యాలా అని మందుల షాపాయన అడుగుతూనే ఉన్నాడు.

మాస్టారు నేలమీద గొంతుకూర్చుని ఆ పీతల్నే చూస్తుండిపోయారు. నవ్వులు విని మనవరాలు బయటికి వచ్చింది. వచ్చి, ఆయన పక్కనే గొంతుకూర్చుంది.

"ఎన్నున్నాయి తాతయ్యా?"

ఒకటి బల్లకిందికి పోతోంది. రెండు మెట్లు దిగుతున్నాయి. ఒకటి పోయినట్టే పోయి వెనక్కి వస్తోంది.

"తెలీదమ్మా," అన్నారు మాస్టారు. "ఆవేళ నువ్వు నిజమే చెప్పావు. తప్పు నాది."

పిల్ల చెయ్యి చాపింది. ఆ చెయ్యి దేనికోసమో ఆయనకు అర్థమైంది. జేబులోంచి ఎర్ర కలం తీసి ఇచ్చారు. పిల్ల ఆయన జవాబు చీటీ మోకాలిమీద పెట్టుకుని, నాలుక బయటపెట్టి, శ్రద్ధగా ఒక సున్నా చుట్టింది. ఒకవైపు నొక్కుకుపోయింది, కొసలు కలవనే లేదు.

"గుండ్రంగా రాలేదు," అంది దిగులుగా.

దిద్దడానికి మాస్టారి వేళ్ళు ఒక్క క్షణం దురదపెట్టాయి. చీటీని మడిచి, కలం ఉండే జేబులో పెట్టుకున్నారు. "బాగుంది," అన్నారు. "పద, వీళ్ళని ఇంటికి చేర్చాలి."

మొదటి ర్యాంకు ఎవరిదని వీధి వెనకనుంచి కేకలేస్తోంది. తాతా మనవరాలూ పీతల్ని ఏరి పళ్ళెంలో వేసుకుని, చెరోవైపు పట్టుకుని ఒడ్డుకు నడిచారు. ఎన్ని పీతలు నీళ్ళలోకి వెళ్ళాయో ఆయన లెక్కపెట్టలేదు.