బావ గొంతు, క్లిప్పు చార్జరు

మొన్న నా ఫోనులో చార్జింగు నిలవడం లేదని అనకాపల్లి మెయిన్ రోడ్డులోని ఒక దుకాణానికి తీసుకెళితే, బ్యాటరీ లోపల అతికించేసి ఉంటుందనీ, ఫోను సాయంత్రం దాకా వదిలి వెళ్ళమనీ చెప్పారు. వెనక మూత గోటితో ఊడదీసి, బ్యాటరీని అగ్గిపెట్టెలా చేతిలోకి తీసుకున్న రోజులు మన తరం వాళ్ళకు గుర్తుండే ఉంటాయి. నాకైతే మా అక్క గుర్తొచ్చింది.

అక్కను మాకవరపాలెం దగ్గరి పల్లెలో, చెరకు పండించే ఇంటికి ఇచ్చారు. బావ మొదటిసారి ఫోను కొన్నప్పుడు, అది మాటలు పట్టి దాచుకుంటుందని ఎవరో చెబితే, నిజమో కాదో చూద్దామని మీట నొక్కి, వంటింట్లో ఉన్న అక్కను పిలిచాడట. "ఓలే, ఏటి సేత్తన్నావు? మంచినీళ్ళట్టుకురా" అని. లోపలినుంచి సన్నగా "వత్తన్నాను" అని అక్క గొంతు, ఆ వెనకే బావ నవ్వు. అంతే అందులో ఉన్నది.

తర్వాత తోటలో నీళ్ళు కడుతుండగా ఫోను బురదలో పడి, చార్జరు గుచ్చే చోటు పాడైపోయింది. దాన్ని బాగుచేయించే లోపే బావ గుండెనొప్పితో పోయాడు. అప్పటినుంచి అక్క బ్యాటరీని బయటికి తీసి, సంతలో కొన్న క్లిప్పు చార్జరులో బిగించేది. దాని రెండు తీగలూ బ్యాటరీ మీది ఇత్తడి చుక్కలకు సరిగ్గా ఆనితేనే దీపం వెలిగేది, లేకపోతే లేదు. అక్క చూపు ఆనక, వేలితోనే తడిమి ఆనించేది. బ్యాటరీ తీసిన ప్రతిసారీ ఫోను తారీఖు మరచిపోయి, ఎప్పటిదో ఏడాది చూపించేది. అక్క దాన్ని సరిచేసేది కాదు. బావ గొంతు విని, లోపలినుంచి తన గొంతు పలికేదాకా ఉండి, కట్టేసి పనిలోకి వెళ్ళేది.

కొన్నేళ్ళకు బ్యాటరీ ఉబ్బిపోయి, మూత పట్టడం మానేసింది. ఇద్దరం అనకాపల్లిలో దుకాణాలన్నీ తిరిగాం. ఆ రకం ఇప్పుడు రావడం లేదన్నారు. చివరికి ఒక రిపేరు బల్ల దగ్గర కూర్చున్నాయన తన మిషను తీగలు ఫోనుకు తగిలించి వెలిగించాడు. వైరు గుచ్చే చోటు పాడైంది కనుక మాటను బయటికి లాగలేననీ, ఇలా వెలిగించినంతసేపూ వినడమేననీ చెప్పి, తన ఫోను దగ్గరగా పెట్టి ఆ మాటలు అందులో పట్టాడు. బెల్లం లారీలు ఆగకుండా పోతున్నాయి. మరోసారి పట్టుదామనేలోపు ఫోను ఆరిపోయింది. ఆయన ఎంత ప్రయత్నించినా మళ్ళీ వెలగలేదు.

పట్టినదాన్ని నా ఫోనులోకి పంపించుకుని, ఇంటికొచ్చాక అక్కకు వినిపించాను. బావ మాట వినబడుతోంది. ఆ తర్వాత లారీ హారను, దాని మీద బావ నవ్వు. అక్క మళ్ళీ పెట్టమంది. ఈసారి ఫోను చెవికి ఆనించుకుని వింది.

"మీ బావ పిలుత్తన్నాడే. నేను పలకట్లేదు" అంది.

హారను కింద నీ మాట ఉందక్కా, వినబడటం లేదంతే అని చెప్పి చూశాను. తల ఊపింది కానీ, మళ్ళీ ఎప్పుడూ పెట్టమని అడగలేదు. ఈమధ్య నేను వెళ్ళినప్పుడు, బావ గొంతు బొంగురుగా ఉండేదా, సన్నగా ఉండేదా అని నన్నే అడిగింది.

ఇప్పటి పిల్లలు రోజంతా ఫోనులోకి మాట్లాడి పంపుకుంటారు, నిండిపోయిందని తుడిచేస్తారు. వాళ్ళకు మాటకు కరువు లేదు. మనకూ లేదనే అనుకున్నాం. ముందుగదిలోంచి పిలిస్తే వంటింట్లోకి వినబడే చిన్న ఇళ్ళు మనవి; రోజూ వినేదాన్ని దాచుకోవాలని ఎవరికి తోస్తుంది? ఆ ఇళ్ళలో చాలావాటిలో ఇప్పుడు ఒక్కొక్కరే ఉంటున్నారు.