కారణం చెప్పందే కదలని సెయినీ

మా ఊరు కర్లూ పాయింట్‌లో తాగి తన్నుకున్న ఏ మగాణ్నైనా అడగండి, సెయినీ ఎవరో చెబుతాడు. కాస్త సిగ్గుపడుతూ చెబుతాడు, ఎందుకంటే లగ్గర్ పబ్బులోంచి వాణ్ని బయటికి పంపింది ఆవిడే. ఆవిడది ఆ పబ్బు గుమ్మం దగ్గర కాపలా పని. నేను వంటింట్లో చేపలూ బంగాళాదుంప ముక్కలూ వేయిస్తుంటాను. నా పేరు వెర్నా. నా నోరు మంచిది కాదంటారు. కాదు, ఒప్పుకుంటాను. ఈ సంగతి చెప్పడానికి మంచి నోరు పనికిరాదు కూడా.

సెయినీ ఇంటిపేరు వైనికోలో. పుట్టింది టోంగా దీవుల్లో. అరటి తోటల్లో పనికి వచ్చిన తండ్రి వెంట చిన్నప్పుడే ఈ ఊరొచ్చింది. భారీ మనిషి. గుమ్మంలో నిలబడితే గుమ్మమే చిన్నదైపోతుంది. అయినా మనిషి మీద చెయ్యి వేసేది కాదు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, తాగినవాడి ఎదురుగా నిలబడి, పక్కింటి పెద్దమ్మలా మాట్లాడేది.

"అన్నా, కారణం చెబుతా విను. ఆ పిల్ల వద్దంది. నువ్వు మళ్ళీ వెళ్ళి అడిగావు. అందుకని ఇవాళ్టికి ఇంటికెళ్ళు. ఇదిగో నీ టోపీ."

"నేనెవరో తెలుసా నీకు?"

"ఎందుకు తెలీదు? ప్రతి ఆదివారం చర్చిలో మీ అమ్మ నా పక్కనే కూర్చుంటుంది. చెప్పమంటావా?"

వాడు నోరు మూసుకుని టోపీ తీసుకునేవాడు. అదీ ఆవిడ పద్ధతి. కారణం మొహం మీద చెప్పకుండా ఎవర్నీ గుమ్మం దాటించదు. గెంటేసినవాడు మళ్ళీ రావాలంటే పగటి పూట, తాగకుండా, వంటింటి పక్క తలుపు దగ్గరికొచ్చి అడగాలి. అవునో కాదో చెబుతుంది. కాదంటే ఎందుకు కాదో మళ్ళీ చెబుతుంది. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు.

"ఆ వెధవలతో ఇంత ఓపికేంటే నీకు?" అని ఒకసారి అడిగాను.

"కారణం వినకుండా వెళ్ళినవాడు ఇంటికెళ్ళి లేనిపోనివన్నీ ఊహించుకుంటాడే వెర్నా. నాకు తెలుసు," అంది. పడుచు వయసులో ఊరి హాల్లో డాన్సు అంటే కొత్త గౌను కుట్టించుకుని వెళ్ళిందట. గుమ్మం దగ్గరివాడు తనతో వచ్చిన పిల్లలందర్నీ పంపించి, "నువ్వు కాదు" అన్నాడట. ఎందుకని అడిగితే అవతలికి చూశాడట. "నా ఒంటి రంగా, నా గౌనా, మా నాన్న ఎవరికైనా ఏమైనా చేశాడా? ఆ రాత్రంతా అదే ఆలోచన. ఇప్పటికీ తెలీదు," అంది. నాకైతే వాణ్ని వెతికి పట్టుకుని తన్నాలనిపించింది.

మోటారు సైకిళ్ళ ముఠావాడు రాంకిన్ సంగతి కూడా చెప్పాలి. మా కౌంటరు దగ్గర పనిచేసే కిరి గ్లాసులో ఏదో మత్తుమందు కలిపాడు. సెయినీ కళ్ళారా చూసింది. గ్లాసు అప్పటికే కడిగేశారు కాబట్టి పోలీసు కేసు నిలవలేదు. "ఆడపిల్ల గ్లాసులో మందు కలిపావు. అందుకని ఈ జన్మలో ఈ గుమ్మం తొక్కవు," అని చెప్పి సెయినీ వాణ్ని బయటికి పంపింది. వాడు సామాన్యుడా? పద్ధతి ఉంది కదా అని ప్రతి శుక్రవారం మధ్యాహ్నం బండి మీద పక్క తలుపు దగ్గరికొచ్చి అడిగేవాడు. ఈవిడ కాదని చెప్పేది, కారణం మళ్ళీ చెప్పేది. నేను మూకుడు దగ్గర కిటికీలోంచి వింటూ పళ్ళు నూరుకునేదాన్ని.

ఇలా ఉండగా రాజధానిలో పెద్దలు ఒకే బిల్లులో మూడు చట్టాలు సవరించారు. ట్రిబ్యునల్ చట్టం, లాయర్ల చట్టం, సెక్యూరిటీ లైసెన్సుల చట్టం. ఒకే మూకుట్లో మూడు రకాల చేపలు వేయించినట్టు. ముఠాల్ని అణచడానికేనట. రేడియోలో విని, మంచిదే కదా అనుకున్నాం.

ఆ తర్వాత మొట్టమొదట పోయిన లైసెన్సు సెయినీది.

రద్దు చేస్తున్నామని లైసెన్సుల ఆఫీసువాళ్ళు తెలియజేశారు, ప్రజాహితం కోసమన్నారు, అంతే. ఎందుకో ఒక్క ముక్క లేదు. లైసెన్సు లేని మనిషిని గుమ్మంలో నిలబెడితే పబ్బు మూసేస్తారు కాబట్టి ఓనరు నీళ్ళు నమిలాడు.

"వంటింట్లో గిన్నెలు కడుగుతావా సెయినీ?"

"నేను గిన్నెలు కడగలేకా బాబూ? కానీ ఊరంతా ఏమనుకుంటుంది? సెయినీ ఏదో చేసింది, అందుకే లోపల దాక్కుందనుకుంటుంది. నా గుమ్మం నాక్కావాలి. లేకపోతే నేనేం చేశానో చెప్పాలి."

ఆవిడ చోట్లోకి సిటీ ఏజెన్సీ ఒక కుర్రకుంకని పంపింది. వాడు ఎవర్నీ ఏమీ అడగడు, ఫోను చూసుకుంటూ నిలబడతాడు. ఆ వారమే రాంకిన్ దర్జాగా ముందు గుమ్మంలోంచి లోపలికొచ్చి, కిరి ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు. ఆ పిల్ల వంటింట్లోకొచ్చి నా ఆప్రాను పట్టుకుని ఏడ్చింది. నా ఒళ్ళు మండిపోయింది.

ఉచితంగా కేసులు వాదించే కేంద్రంలో టామ్సిన్ అని ఒక లాయరు పిల్ల ఉంది. సెయినీకి తోడుగా నేనూ వెళ్ళాను. ఆ పిల్ల ట్రిబ్యునల్‌కి అప్పీలు రాసి, కొత్త చట్టం చదివి విప్పి చెప్పింది.

"ఆంటీ, మీ గురించి పోలీసుల దగ్గర రహస్య సమాచారం ఏదో ఉంది. ట్రిబ్యునల్ దాన్ని విన్నప్పుడు మీరు గదిలో ఉండకూడదు. నేనూ ఉండకూడదు. సర్కారు ఆమోదించిన లాయరొకాయన మీ తరఫున ఉంటాడు. కానీ విన్నది మీతో చెబితే ఆయన మీద కేసు పెడతారు."

"అంటే నా తరఫువాడు నాతో మాట్లాడడు?"

"మాట్లాడకూడదు ఆంటీ."

"దీన్ని విచారణ అంటారా, తలుపేసుకుని చెప్పుకునే గుసగుసలంటారా?"

"చట్టంలో విచారణ అనే రాశారు," అంది టామ్సిన్, పాపం మొహం చిన్నబుచ్చుకుని.

విచారణ పోస్టాఫీసు మేడ మీద. మెట్ల దగ్గరే, మాకు ఎదురు వాదించే సర్కారు లాయరు మమ్మల్ని ఆపాడు. ఇస్త్రీ నలగని మనిషి. "అప్పీలు వెనక్కి తీసుకోండి. రద్దయిందని కాకుండా మీరే వదులుకున్నట్టు రాసుకుంటాం. గౌరవంగా ఉంటుంది కదా," అన్నాడు.

"నేను వదులుకోలేదు నాయనా. అబద్ధం నువ్వు రాసి, గౌరవం నాకు అంటగడతావా?" అని సెయినీ ఆయన్ని పక్కకి తప్పుకోమన్నట్టు చూసింది. తప్పుకున్నాడు.

గది బయట కాపలా ఉన్నవాడి పేరు డెస్. నడుం పోకముందు గొర్రెల బొచ్చు కత్తిరించేవాడు. తర్వాత సెయినీ దగ్గరే ఈ పని నేర్చుకున్నాడు. మమ్మల్ని చూసి తల దించుకున్నాడు.

లోపల తీర్పు చెప్పే ట్రిబ్యునల్ మెంబరు ప్రిసిలా ఆడెయిర్ అనే నడివయసావిడ. సెయినీ తరఫున అంటూ సర్కారు ఆమోదించిన లాయరు ఓ మూల ఫైలు తిరగేస్తున్నాడు. మొదట మామూలు మాటలయ్యాయి. ఆ తర్వాత ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుని, "ఇప్పుడు రహస్య సమాచారం వింటాం. అప్పీలు చేసినవారు, వారి లాయరు, మిగతా అందరూ బయటికి వెళ్ళాలి," అంది. టామ్సిన్ లేచి అభ్యంతరం చెప్పింది. చట్టం ఒప్పుకోదన్నారు. ఏడుపు మొహంతో ఫైళ్ళు సర్దుకుంది. నేనూ లేచాను. సెయినీ లేవలేదు.

"మిసెస్ వైనికోలో, మీరు కూడా."

"ఎందుకు మేడమ్?"

"చట్టం అలా ఉంది."

"చట్టం మీకు పంపే హక్కిచ్చింది, కాదన్లేదు. నేనేం చేశానని పంపుతున్నారు?"

"అది చెప్పడానికి వీల్లేదమ్మా. అందుకే కదా పంపేది."

"మేడమ్, గుమ్మం మీద కక్కినవాడికి కూడా నేను కారణం చెప్పి పంపాను. కక్కావు, అందుకని వెళ్ళు అని. నాకు వాడి పాటి మర్యాద లేదా? నేను లేవను."

"ఇది ధిక్కారం కిందికొస్తుంది!" సర్కారు లాయరు గొంతు పెంచాడు.

"రానీ నాయనా. వస్తే దానిక్కూడా ఓ కుర్చీ వెయ్యి."

నాకు నవ్వూ భయమూ ఒక్కసారే వచ్చాయి. మెంబరు విసుగ్గా గంట నొక్కింది. డెస్ లోపలికొచ్చాడు. ఈవిణ్ని బయటికి తీసుకెళ్ళమన్నారు. వాడి చెవులు ఎర్రబడ్డాయి. వచ్చి, సెయినీ కుర్చీకి కాస్త పక్కగా, రెండు అరచేతులూ కనిపించేలా నిలబడ్డాడు. అచ్చం ఆవిడ నేర్పినట్టే.

"అక్కా."

"చెప్పు డెస్."

"నిన్ను బయటికి పంపమన్నారు."

"విన్నాను. ఎందుకు?"

డెస్ మెంబరు వైపు తిరిగాడు. "మేడమ్, ఏం కారణం చెప్పమంటారు?"

"కారణం చెప్పక్కర్లేదు. తీసుకెళ్ళండి."

"నాకు అక్కరుంది మేడమ్. ఎవర్ని బయటికి పంపినా ముందు వాళ్ళేం చేశారో చెప్పాలి. చెప్పకుండా చెయ్యేస్తే నా లైసెన్సు పోతుంది. కార్డు వెనకాలే అచ్చేశారు." మెళ్ళోంచి కార్డు తీసి ఇచ్చాడు. "నాకు చూపించింది కూడా ఈ అక్కే. చదవకుండా మెళ్ళో వేసుకోకురా అంది."

సర్కారు లాయరు కొత్త చట్టం ముందుకీ వెనక్కీ తిప్పాడు. మూడు చట్టాలు మార్చారు గానీ, కాపలావాడి కార్డు వెనక ఉన్న ఆ ఒక్క ముక్క తీసెయ్యడం ఎవరికీ తట్టలేదు. ఆయన మెడ దగ్గర చొక్కా మొదటిసారి నలిగింది.

మెంబరు ఆ కార్డు రెండుసార్లు చదివింది. "కొత్త చట్టం ఈ సమాచారాన్ని దాచనిస్తుంది. కానీ దాచి తీరాలని నన్ను నిర్బంధించలేదు," అంది నెమ్మదిగా. "ఆరోపణ ఏమిటో, పేర్లు లేకుండా అయినా, ఈవిడకి చెప్పండి. లేదా ఆ సమాచారం వెనక్కి తీసుకోండి. టీ తాగి వచ్చేలోగా తేల్చుకోండి."

ఆయన వరండాలో ఫోను పట్టుకుని అటూ ఇటూ తిరిగాడు. మేం మెట్ల మీద కూర్చున్నాం. సెయినీ టీ ముట్టలేదు. "పదహారేళ్ళ వయసులో ఆ డాన్సు హాలు బయట కూడా ఇలాగే కూర్చున్నానే," అంది. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. అంత పెద్ద చెయ్యి చల్లగా ఉంది.

తిరిగి కూర్చున్నాక ఆయన గొంతు సవరించుకుని చదివాడు. "అప్పీలు చేసిన వ్యక్తి నేర ముఠాకి చెందిన ఒకడితో ప్రతి శుక్రవారం మధ్యాహ్నం, పబ్బు పక్క తలుపు దగ్గర, రహస్యంగా సంభాషిస్తోంది."

సెయినీ పొట్ట కదిలేలా నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయి, కళ్ళెర్రబడ్డాయి.

"సంభాషణా! వాడు లోపలికి రానిమ్మంటాడు. నేను కుదరదంటాను. ఎందుకు కుదరదో చెబుతాను. ఇదే కదా మీ రహస్యం? ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు వచ్చి, ఏమ్మా వాడితో ఏంటి మాటలని నన్ను అడిగి ఉంటే చెప్పేదాన్ని కదా! నన్ను తీసేశారు. ఇప్పుడు వాడెక్కడున్నాడో తెలుసా మీకు? పబ్బులో ఉన్నాడు. ఏ పిల్ల గ్లాసులో మందు కలిపాడో ఆ పిల్ల ఎదురుగా కూర్చుని తాగుతున్నాడు. ఇదా మీ ప్రజాహితం?"

నేను ఆగలేక లేచాను. "కిటికీలోంచి ప్రతి శుక్రవారం నేను విన్నాను మేడమ్! రాసుకోండి! వాడు అడిగిందీ, ఈవిడ చెప్పిందీ, అక్షరం పొల్లుపోకుండా చెబుతాను!"

"కూర్చుని చెప్పండి," అంది మెంబరు. కూర్చుని చెప్పాను. కబురు పెడితే కిరి కూడా వచ్చి గట్టిగా చెప్పింది. సాయంత్రానికి రద్దు ఉత్తర్వు కొట్టేసి, సెయినీ లైసెన్సు తిరిగిచ్చారు. సర్కారు లాయరు క్షమించమని అడుగుతాడేమోనని సెయినీ గుమ్మం దగ్గర కాసేపు నిలబడింది. ఆయన వెనక మెట్ల మీంచి వెళ్ళిపోయాడు.

ఇంతటితో అయిపోతే బాగుండు. తర్వాతి చట్టసభ సమావేశాల్లో పెద్దలు ఆ చట్టాన్ని మళ్ళీ సవరించారు. ఈసారి మర్చిపోలేదు. కాపలావాళ్ళ లైసెన్సుల్లోంచి ఆ నిబంధనే ఎత్తేశారు. ఎవర్ని బయటికి పంపినా ఇక కారణం చెప్పనవసరం లేదు. డెస్‌కి వెనక ఖాళీగా ఉన్న కొత్త కార్డిచ్చారు. వాడు దాన్ని తెచ్చి సెయినీకి చూపించాడు. ఆవిడ నా దగ్గర పెన్ను అడిగి, పాత వాక్యాన్ని ఆ ఖాళీలో తన చేత్తో రాసిచ్చింది.

ఆ శుక్రవారం మధ్యాహ్నం మోటారు సైకిల్ చప్పుడైంది. రాంకిన్ పక్క తలుపు దగ్గరికొచ్చి, గోడకి చేరగిలబడి ఇకిలించాడు.

"ఏం ముసలమ్మా, రానిస్తావా?"

"రానివ్వను."

"సరేలే, పోతున్నా. ఇప్పుడు కారణం కూడా చెప్పక్కర్లేదంట కదా, కొత్త చట్టం. నీకు నోటి శ్రమ తప్పింది."

"ఆగు," అంది సెయినీ. చేతులు వెనక్కి కట్టుకుని వాడి ఎదురుగా వచ్చి నిలబడింది. నేను మూకుడు కింద మంట తగ్గించాను. కౌంటరు దగ్గర్నుంచి కిరి కూడా వచ్చి నా పక్కన నిలబడింది.

"మార్చింది వాళ్ళ చట్టం. ఇది నా గుమ్మం. కారణం చెబుతా, విని పో. ఆడపిల్ల గ్లాసులో మందు కలిపావు. ఆ పిల్ల పేరు కిరి. అదిగో, అక్కడ నిలబడి నిన్నే చూస్తోంది. మళ్ళీ శుక్రవారం రా, మళ్ళీ చెబుతాను."