అక్కకు పెట్టిన రెండు మందులు

వరద వచ్చిన ఏడాది నేను వనపర్తిలో ఒక ప్రైవేటు దవాఖానలో నర్సుగా పనిచేస్తున్నాను. అలంపూర్ దగ్గరి ఊళ్లో ఉండే మా అక్క, బావ ఇంట్లోకి తుంగభద్ర నీళ్లొస్తే రెండు రోజులు పక్కింటివాళ్ల డాబా మీద తడుస్తూ కూర్చున్నారు. నీళ్లు తీశాక అక్కకు జ్వరం పట్టుకుంది. పది రోజులు చూసి బావ ఆమెను జీపులో నా దగ్గరికి తీసుకొచ్చేసరికి, రెండు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకుంటోంది.

అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. నన్ను నర్సింగు చదవనియ్యమని నాన్నతో వారం రోజులు మాట్లాడటం మానేసింది కూడా ఆమే.

ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి సగానికి పైగా తెల్లగా కనిపించింది, న్యుమోనియా. మామూలు ఇంజెక్షన్లకు జ్వరం కదల్లేదు. తెమడ పరీక్షకు పంపితే, ఆ మందులకు లొంగని క్రిమి అని రిపోర్టు వచ్చింది. డాక్టరుగారు నన్ను గదిలోకి పిలిచారు.

"రెండు మందులున్నయి సిస్టర్. వాంకోమైసిన్ పాతది, నాకు బాగా అలవాటు. కానీ కిడ్నీల మీద పడొచ్చు. మీ అక్కకు షుగరుంది. లినెజోలిడ్ కిడ్నీల జోలికి అంతగా పోదు, రక్తంల ప్లేట్‌లెట్లు తగ్గొచ్చు. అది నేను కొద్దిమందికే వాడిన. ఏమంటరు?"

వేరేవాళ్ల అక్క అయితే నేనూ నాలుగు ప్రశ్నలు అడిగేదాన్ని. ఆ రోజు ఒక్కటీ అడగలేదు.

"మీకు అలవాటైందే పెట్టండి సార్" అన్నాను.

వాంకోమైసిన్ సెలైన్‌లో కలిపి చాలా మెల్లగా ఎక్కించాలి. అక్కకు విసుగొచ్చేది.

"ఏందే చెల్లె, గింత మెల్లగ పడ్తుంది? జర తిప్పరాదు?"

"తొందరగ పోతే ఒళ్లంత ఎర్రగైతదక్కా."

"రెండు దినాలు వానల నానినదాన్ని, నాకేమైతది?" అని నవ్వబోయి దగ్గింది.

జ్వరం కొంచెం దిగింది. కానీ నాలుగో రోజు మూత్రం సంచీ మార్చడానికి వెళితే అందులో దాదాపు ఏమీ లేదు. వెంటనే డాక్టరుగారికి చెప్పాను. రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగింది, అంటే కిడ్నీలు దెబ్బతింటున్నాయి. డాక్టరుగారు ఆ మందు ఆపి లినెజోలిడ్ మొదలుపెట్టారు.

రెండు రోజులు ఆశ పుట్టింది. జ్వరం లేదు. నాలుగు చెంచాల జావ తాగి, ఇంట్లో తడిసిన వేరుశనగ విత్తనాల సంగతి బావనడిగింది. మూడో రోజు పొద్దున కాళ్లూ మొహమూ ఉబ్బి, ఆయాసం మళ్లీ ఎక్కువైంది. హైదరాబాదు పంపడానికి అంబులెన్సు పిలిచాం. అది గేటు దగ్గరికి వచ్చేలోపే అక్క ఊపిరి ఆగిపోయింది. ఆమె ముక్కు మీది ఆక్సిజన్ మాస్కు నేనే తీశాను.

తర్వాత డాక్టరుగారిని అడిగాను: "సార్, మొదలే రెండో మందు పెట్టి ఉంటే బతికేదా?"

"తెల్వదు సిస్టర్. షుగరు, జబ్బు ముదరడం, అన్నీ ఉండె. తెలుసని చెప్తే అబద్ధమైతది."

బావకు ఈ రెండు మందుల సంగతి చెప్పడానికి నాకు ఏడాది పట్టింది. మాసికం నాడు నోటిదాకా వచ్చింది, భయంతో మింగేశాను. సంవత్సరీకం అయిపోయి చుట్టాలు వెళ్లాక, చేను గట్టు మీద కూర్చుని మొత్తం చెప్పాను. ఆయన మట్టిగడ్డ చిదుముతూ విన్నాడు.

"రెండు మందులున్నయని అప్పుడే నాకు చెప్పకపోతివి."

"తప్పే బావా."

"చెప్పినా నాకేం తెలుస్తుండె? ఏది పెట్టాలె అని నిన్నే అడుగుతుంటి."

ఆ మాట నన్ను ఓదార్చడానికే అన్నాడు. నేను మాత్రం అప్పుడే, అక్క పోయాక మొదటిసారి, గట్టిగా ఏడ్చాను.