మాకవరపాలెంలో తాత విడిచిన చెప్పులు

ఇవాళ నర్సీపట్నం కాంప్లెక్సులో ఓ ముసలావిడ చెప్పులు చేత్తో పట్టుకుని బస్సెక్కింది. మన ఈడు వాళ్లకి గుర్తుండే ఉంటుంది. అప్పట్లో కొందరు పెద్దవాళ్లు బస్సు మెట్టుకి దణ్ణం పెట్టి, గుడికెళ్లినట్టు చెప్పులు కిందే విడిచి ఎక్కేసేవారు.

మా తాత కూడా మాకవరపాలెంలో అలాగే ఎక్కేసాడు. కొత్త కిర్రు చెప్పులు. నేను చూసాను. కానీ బస్సు నిండా జనం, సిగ్గుతో నాకు నోరు పెగల్లేదు. బస్సు కదిలిపోయింది.

నర్సీపట్నంలో దిగాక తాత కాళ్లకేసి చూసుకున్నాడు.

"నా సెప్పులేవిరా?"

"అక్కడే ఇప్పీసావు తాతా."

"సూసి కూడా సెప్పలేదేటిరా!"

మండుటెండలో, తారు రోడ్డు మీద, నీడ దొరికిన చోటికల్లా గెంతుతూ నడిచాడు. నా కాళ్లే కాలినట్టయింది.

సాయంత్రం తిరుగు బస్సు మాకవరపాలెంలో ఆగింది. కిటికీలోంచి చూద్దును కదా, చెప్పులు విడిచిన చోటే ఉన్నాయి! ఎవరూ తొక్కకుండా చుట్టూ నాలుగు రాళ్లు కూడా పెట్టారు ఎవరో. ప్రాణం లేచొచ్చింది నాకు.

ఆ రాళ్ల మధ్యనే ఇంకో రెండు జతలు ఉన్నాయి. తాత తన చెప్పులు తొడుక్కుని, వాటికేసి చూసి, "ఈళ్లింకా రానేదు కాబోలు" అన్నాడు.