రెండో నంబరు బావి

ఉదయం 5 గంటల 50 నిమిషాలకు గుంటూరులో కదిలిన రైలు, సుమారు నూట పద్దెనిమిది మైళ్లు నడిచి, మధ్యాహ్నం 1 గంట 20 నిమిషాలకు గిద్దలూరు చేరింది. నలభై నిమిషాలు ఆలస్యం. స్టేషను ఎదుటి హోటల్లో అయిదణాల భోజనం బాగుంది, మజ్జిగ పలుచన. అక్కడికి కొమరోలు పది మైళ్లు. యుద్ధం వల్ల పెట్రోలు దొరకక బస్సు బొగ్గు గ్యాసుతో నడుస్తోంది. ఎత్తు వచ్చినప్పుడల్లా ప్రయాణికులు దిగి నడవాలి.

కొమరోలు దగ్గరి క్రైస్తవ పల్లె నుంచి బడి పంతులు దేవదానంగారు రాసిన ఉత్తరమే ఈ ప్రయాణానికి కారణం. ఏడాది కిందట అక్కడి టైఫాయిడ్‌కు మూలం వెతకడానికి ఒక డాక్టరు, నీటిని పరీక్షించే రసాయనశాస్త్ర లెక్చరరు, సర్వే ఇంజనీరునైన నేను వెళ్లాము. మా నివేదికపై రెండో నంబరు బావిని పూడ్చారు. జ్వరాలు తగ్గలేదని ఉత్తరం.

బస్సులో ఒక మేకల వ్యాపారి నన్ను గుర్తుపట్టాడు.

“పోయినేడు మూడుకాళ్ల దుర్భిణి పెట్టుకోని తిరిగిన సారే గదా. ఇంకో బాయి పూడ్చను వచ్చినారా?”

కొందరు నవ్వారు. నేను కిటికీ వైపు తిరిగాను.

నాలుగున్నరకు పల్లె చేరి, డాక్టరు పట్టికనూ నా పటాన్నీ దేవదానంగారి ముందు పరిచాను. ఆయన కాసేపు చూసి నెమ్మదిగా అన్నారు.

“డాక్టరుగారు పై బాయి కాడ లెక్క మొదలుపెట్టినారయ్యా, నేనే వెంట ఉంటిని. మీరేమో కింద వాగు కాడ మొదలుపెట్టినారు.”

బావులు ఏడు, వరుసగా ఉన్నాయి. డాక్టరు రెండోది నాకు ఆరోది. లెక్చరరు నీటి సీసాల మీద డాక్టరు నంబర్లు వేశారు; చెడ్డదని తేలింది డాక్టరు రెండోది. పూడ్చే ఉత్తర్వుకు నా పటం జతపరచడంతో పూడ్చింది నా రెండోది. ముగ్గురి కాగితాలూ టపాలో కలిశాయి. మేము మాత్రం ఒక్క గంటైనా ఒక బల్ల దగ్గర కూర్చోలేదు.

పల్లెవారి మంచి బావి పోయింది. వారు చెడ్డ నీటికే వెళ్లారు; పదకొండు నెలల్లో ఇద్దరు చనిపోయారు. ఆ నీటితో కోడలిని పోగొట్టుకున్న మరియమ్మకు తప్పు మాదేనని చెప్పాను.

“మా చేతుల్తో తవ్వుకున్న బాయి నాయనా. పూడ్చమంటే మేమే రాళ్లు మోసినాం. సదువుకున్నోళ్లు ముగ్గురు చెప్పినారు గదా అనుకుంటిమి.”

బావి తెరిచేదాకా నీళ్లు కాచి తాగమన్నాను. అన్ని కట్టెలు ఎక్కడివని ఆమె అడిగింది.

ఆ రాత్రి బడిలో పడుకున్నాను. మర్నాడు ఆరు గంటలకు ఎనిమిదిమంది రాళ్లు తీయడం మొదలుపెట్టారు. పది దాకా నేనూ తాడు లాగాను. ముప్పై ఒక్క అడుగుల బావిలో నాలుగడుగులే ఖాళీ అయ్యాయి. బస్సు వేళకు వారిని అక్కడే వదిలి రావలసి వచ్చింది.

తిరుగు రైలులో మిగతా ఇద్దరికీ ఉత్తరాలు రాశాను. మాలో ఎవరి శాస్త్రమూ తప్పలేదు. పక్కవాడి పట్టిక చదవడం మన పని కాదని ముగ్గురమూ అనుకున్నాము.

రానుపోను ఖర్చు ఆరు రూపాయల తొమ్మిదణాలు. నష్టం: బావి ఒకటి, పదకొండు నెలలు, మనుషులు ఇద్దరు.