గంగమ్మకి దండం, జడ్జీకి మాట

మందస నుంచి సముద్రం వైపు పోతే వచ్చే ఉద్దానం ఊళ్లలో ఒకదానిలో కామేశ్వరరావు అనే కొబ్బరి రైతు తన కూతుర్ని నూతిలోకి దింపాడు. కంగారుపడకండి. మోటారు పైపు చివరుండే ఫుట్‌వాల్వులో కొబ్బరి పీచు ఇరుక్కుంది, ఎవరో ఒకరు మునిగి తీయాలి. ఆయనకు ఒళ్లు పెరిగింది, కూతురు యామిని సన్నగా ఉంది, పైగా దిగుతానని నెల్లాళ్లుగా ఆయన ప్రాణం తోడేస్తోంది. దిగింది. ఎంతకీ పైకి రాలేదు. ఆయన చొక్కా విప్పి దూకబోతుంటే గుప్పెడు పీచు పట్టుకుని తేలింది. అప్పటినుంచి చుట్టుపక్కల తోటల్లో ఎవరి మోటారు నీళ్లు తోడకపోయినా యామినికే కబురొచ్చేది. ఆడపిల్లని నూతుల్లోకి దింపుతాడేమిటని ఊరు ముక్కున వేలేసుకుంది. మోటారు ఆగినప్పుడు మాత్రం అదే వేలితో వాళ్ల తలుపు తట్టింది.

నూతి పనికి కామేశ్వరరావు పెట్టిన నియమం ఒక్కటే. పైకి తేలగానే దోసిట్లో నీళ్లు తీసుకుని నెత్తిన చల్లుకుని, గంగమ్మకి దండం పెట్టాలి. అది అయ్యేదాకా నోరు విప్పకూడదు. ఈ నియమం ఊరికే పుట్టలేదు. ఆయనకి పెళ్లికాకముందు ఆయన తమ్ముడు ఇదే పని చేసేవాడు. ఒకరోజు మునిగి పైకొచ్చి, "అన్నా, అయిపోనాది" అని నవ్వాడు. ఆ నవ్వు మొహంతోనే మళ్లీ లోపలికి జారిపోయాడు. దండం పెట్టకుండా మాట్లాడినందుకే గంగమ్మ తీసుకుపోయిందని కామేశ్వరరావు నమ్మాడు. ఆ నమ్మకాన్ని కూతురి ఒంట్లోకి ఎంతగా ఎక్కించాడంటే, పెరట్లో తలస్నానం చేసినా యామిని బకెట్టుకి దండం పెట్టి గానీ పలికేది కాదు.

డిగ్రీ అయ్యాక ఆమె కాశీబుగ్గలో మేనమామ తిరుమలరావు ఫొటో స్టూడియోలో చేరింది. జీడిపప్పు వ్యాపారుల ఇళ్లల్లో పెళ్లిళ్లకు వీడియో తీసేది. తలంబ్రాల తోపులాటలో కూడా ఆమె చేతిలో కెమెరా వణికేది కాదు. "మా మేనకోడలు ఊపిరి పీల్సకుండా తీత్తాది" అని తిరుమలరావు వచ్చినవాళ్లందరికీ గొప్పగా చెప్పేవాడు. ఆ పనితనం చూసే విశాఖపట్నంలో పర్యాటకులను సముద్రంలోకి దింపే ఒక సంస్థ ఆమెను నీటి అడుగున వీడియోలు తీయడానికి తీసుకుంది. సిలిండరు లేకుండా ఒక్క ఊపిరితో ఎంత లోతుకు పోగలరో చూసే పోటీలున్నాయని ఆమెకు అక్కడే తెలిసింది. దాన్ని ఫ్రీడైవింగ్ అంటారట. "మా నూతిలో చేసిందేగా" అంది యామిని. అక్కడ శిక్షణ ఇచ్చే ఉదయశ్రీ ఆమెను ఒకసారి దింపి చూసింది. "అదే. కానీ నువ్వు ఉత్త మొండితనంతో మునుగుతున్నావు. ముందు ఒళ్లు వదులు చేయడం నేర్చుకో" అంది. యామినికి ఒళ్లు మండింది గానీ నేర్చుకుంది.

నేర్చుకున్నాక ఇక ఆమెను పట్టేవాళ్లు లేకపోయారు. గాలిబుడగల చప్పుడు లేకుండా దిగే మనిషిని చూసి చేపలు పారిపోవు, తాబేళ్లు బెదరవు. బారువ తీరంలో నీళ్లు తేరుకున్న రోజులు చూసుకుని, తెగిన వలల్లో చిక్కుకుపోయిన తాబేళ్ల మీద ఆమె తీసిన చిన్న చిత్రాన్ని చాలా ఊళ్లలో పిలిచి ఆడించారు. పోటీల్లోనూ ఏటేటా లోతు పెరుగుతూ పోయింది. పైకి వచ్చాక ముందు దండం పెట్టే అలవాటు మాత్రం పోలేదు. అది మానమని ఉదయశ్రీ ఎన్నిసార్లు చెప్పినా, చిన్న పోటీల్లో చూసీ చూడనట్టు వదిలేస్తున్నారు కదా అనుకుంది. అండమాన్‌లో జాతీయ పోటీకి బయలుదేరినప్పుడు తన గెలుపు మీద యామినికి ఆవగింజంత అనుమానం లేదు.

అనుమానపడాల్సిన డైవు కూడా కాదది. తాడు వెంట దిగి, అడుగున పళ్లేనికి తగిలించిన చీటీ తెంపుకుని వచ్చింది. అంత లోతు నుంచి ఆ రోజు ఇంకెవరూ చీటీ తీసుకురాలేదు. పైకి వచ్చి మాస్కు తీసింది. ఇక చేయాల్సిందల్లా వేళ్లు కలిపి బాగున్నానని సైగ చేసి, "ఐయామ్ ఓకే" అనడం. మధ్యలో ఇంకేమీ చేయకూడదు. కానీ ఆ చేతులు ఎవరి కూతురివి? దోసిలి పట్టాయి, నెత్తిన నీళ్లు చల్లాయి, దండం పెట్టాయి. ఆ తర్వాతే సైగా మాటా వచ్చాయి. జడ్జీ ఎర్రకార్డు ఎత్తాడు. ఆ డైవు లెక్కలోకి రాలేదు.

ఫోను చేసి చెబితే కామేశ్వరరావు అడిగిన మొదటి మాట, "పడిపోనావేటే?"

"నేదు నాన్నా. దండం ఎట్టినాను."

"దండం ఎడితే తప్పేటి? ఆళ్లకి దేవుడు నేడా?"

ఊళ్లో మాత్రం యామిని నీళ్లలో స్పృహ తప్పిందనే చెప్పుకున్నారు. తిరుమలరావు ఊరుకోకుండా బండేసుకుని వచ్చి మరీ, "బావా, పిల్ల ఆడ సేసిన డైవు మామూల్ది కాదు. నువ్వు నేర్పిన దండవే కొంప ముంచింది" అన్నాడు. ఆ పూట బావాబావమరుదులు ఒకే అరుగు మీద కూర్చుని మొహాలు చెరోవైపు పెట్టుకుని టీ తాగారు.

ఏడాది తిరిగేసరికి మళ్లీ పోటీ వచ్చింది. ఈసారి నెగ్గితే ప్రపంచ పోటీలకు వెళ్లే జట్టులో చోటు. మాట ముందు చెప్పి, దండం తర్వాత పెడతానని యామిని తండ్రికి దాచకుండా చెప్పింది. కామేశ్వరరావు అడ్డం తిరిగాడు.

"అలాగైతే నువ్వా నీట్లోకి దిగొద్దు. నూతికాడ ఒకపాలి ఏడిసినాను, సాలు."

కాదని వెళ్లిపోయే వయసు ఆమెకుంది, సంపాదనా ఉంది. కానీ ఒక్క ఊపిరితో దిగాలంటే ముందు గుండె నెమ్మదించాలి. ఇంటి దగ్గర తండ్రి తిండి మానేసి కూర్చున్నాడని తెలిశాక ఏ గుండె నెమ్మదిస్తుంది? ఆయన మనసొప్పి పంపకపోతే తాను ఆ లోతుకు పోలేనని ఆమెకు తెలుసు. అలాగని తండ్రి మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. జాలేసింది, ఏడుపొచ్చింది.

చివరికి తిరుమలరావే యామిని కొత్త చిత్రం చూద్దువు రమ్మని బావను కాశీబుగ్గ స్టూడియోకి పిలిపించాడు. యామిని కూడా వచ్చింది. పెళ్లి ఆల్బముల మధ్య కుర్చీ వేసి టీవీ పెట్టాడు. పుట్టినప్పటినుంచీ పక్కనే ఉన్న సముద్రం అడుగున ఏముందో కామేశ్వరరావు చూడడం అదే మొదలు. ఇసుక మీద పాకే పీతలు, రాళ్లకు చుట్టుకున్న వలలు, ఆ వల కోసి యామిని వదిలేసిన తాబేలు అన్నీ నోరు తెరుచుకుని చూశాడు. ఆఖర్న యామిని పైకి తేలింది. పక్కనే ఇంకొకామె తేలి, యామిని మొహంలో మొహం పెట్టి రెప్ప వేయకుండా చూస్తోంది.

"ఆయమ్మి ఎవులే? నీ మొకంలోకి అలా సూత్తంది?"

"ఉదయశ్రీ. నాకు కాపలా."

"పైకొచ్చేసినాక కాపలా ఏటి?"

"అప్పుడే ఉండాల నాన్నా. ఊపిరి బిగబట్టినోళ్లకి పైకొచ్చి గాలి పీల్సినాక కూడా ఒక్కోపాలి స్పృహ పోతాది. నవ్వుతానే పోతారు. బాబాయికి జరిగింది అదే. మనం తెలివిలో ఉన్నామా నేదా అనే జడ్జీ ముందు మాట సెప్పమంటాడు. సెప్పినాక కూడా సూత్తానే ఉంటాడు. జారితే పట్టుకుంటారు."

కామేశ్వరరావు టీవీ వైపే చూస్తూ ఉండిపోయాడు. చిత్రం అయిపోయి తెర నల్లబడినా చూపు తిప్పలేదు.

"అంటే నా తమ్ముడికి దండం ఎట్టే టయం కూడా నేదన్నమాట" అన్నాడు. యామిని ఆయన చెయ్యి పట్టుకుని పక్కన కూర్చుంది. తిరుమలరావు కూడా ఆ రోజు ఎకసెక్కం ఆడలేదు. కాసేపటికి కామేశ్వరరావే మొహం తుడుచుకుని అడిగాడు.

"ఆ పోటీకి నానూ వత్తాను. పడవ మీద నన్ను కూకోనిత్తారేటి?"

విమానంలో ఆయన కిటికీ వైపు చూడలేదు, ఇచ్చిన కాఫీ బాగోలేదన్నాడు. అండమాన్‌లో సోంపేట నుంచి వెళ్లి స్థిరపడ్డ చుట్టాలింట్లో దిగాక గానీ, కడుపునిండా మన కూర తిన్నాక గానీ తెరిపిన పడలేదు. పోటీ రోజున మాత్రం అందరికంటే ముందు పడవెక్కి అంచున కూర్చున్నాడు. యామిని నీళ్లలో వెల్లకిలా తేలుతూ ఆయన్ని ఒకసారి చూసింది. గుండె నెమ్మదించింది. ఆఖరి ఊపిరి నిండుగా తీసుకుని తలకిందులై దిగిపోయింది.

కిందకు పోయేకొద్దీ వెలుతురు తగ్గింది, నీళ్లు చల్లబడ్డాయి. చేతికి చీటీ తగిలింది. తెంపుకుని తిరిగింది. ఈ లోతు తనదేనని ఆమెకు తెలుస్తూనే ఉంది. తాడు వెంట పైకి వస్తుంటే ఉదయశ్రీ ఎదురొచ్చి, మొహంలోకి చూస్తూ వెంట వచ్చింది. తల నీటి పైకి వచ్చింది. గాలి పీల్చింది. మాస్కు తీసింది. చేతులు ఎప్పటిలాగే దోసిలి పట్టబోయాయి. ఎడమచేత్తో తాడు గట్టిగా పట్టుకుని, కుడిచేత్తో సైగ చేసింది.

"ఐయామ్ ఓకే" అంది.

జడ్జీ ఆమె మొహంలోకి చూస్తూనే ఉన్నాడు. ఎవరూ కదలలేదు. తర్వాత తెల్లకార్డు లేచింది. పడవల మీద చప్పట్లు మోగాయి. ఉదయశ్రీ నీళ్లు కొడుతూ ఏదో అరిచింది. యామిని అవేవీ పట్టించుకోలేదు. దండం కంటే ముందు మాట వచ్చేసింది, నాన్న ఎలా ఉన్నాడోనని పడవ వైపు తిరిగింది.

కామేశ్వరరావు పడవ అంచున వంగి ఉన్నాడు. చొక్కా చేతులు మోచేతుల దాకా తడిసిపోయాయి, నెత్తి మీంచి ఉప్పునీళ్లు కారుతున్నాయి. చేతులు జోడించే ఉన్నాయి గానీ, కళ్లు మూసుకోలేదు. కూతురి మొహం మీంచి చూపు తిప్పలేదు.

"నీ దండం నానెట్టేసినాను" అన్నాడు. "నువ్వు మాట్టాడతానే ఉండు."