పదకొండు గంటల ఇంటర్వ్యూ

మొన్న ఇంటర్నెట్ మనిషి కొత్త రూటర్ తెచ్చి, "ఏడ పెట్టమంటరు సార్?" అని అడిగితే ఇంట్లోవాళ్లను అడగమన్నాను. సిద్దిపేటలోని మా ఇంట్లో ఆ విషయం తేల్చే అధికారం నా చేతుల్లోంచి పోయి నాలుగేళ్లయింది.

అది పోయిన రోజు మా మరదలికి, అంటే తమ్ముడి భార్యకు, వీడియోలో ఇంటర్వ్యూ. పిల్లల కోసం ఉద్యోగం మానేసి పన్నెండేళ్లయ్యాక వచ్చిన మొదటి పిలుపు. పదకొండింటికి మొదలు. పదిన్నరకు నెట్ ఎలా ఉందో చూద్దామని వాళ్ల అక్కకు వీడియో కాల్ చేస్తే, అక్క ముఖం సగం నవ్వులోనే బిగుసుకుపోయింది. "బావా, జర చూడుండ్రి. గిట్లనే ఉంటే నా పని అయిపోయినట్టే" అంది మరదలు.

ఇంట్లో ఏ యంత్రం మొరాయించినా నన్నే పిలవాలని రూలు పెట్టింది నేనే. గోడకున్న రూటర్ స్విచ్ ఆపి మళ్లీ వేశాను. టీవీ కట్టేయించాను. తమ్ముడి ఫోన్ ఆపించాను. లాప్‌టాప్ తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. పది నలభై అయింది. అంతలో వరండాలోంచి మల్లన్న ఒగ్గు కథ వినిపించింది. అవ్వ ఫోన్, అంటే మా అమ్మది! దొంగ దొరికిందనుకున్నాను. "పొద్దస్తమానం నీ కథలేనా? నీ వల్లనే పిల్ల నౌకరి పోతది" అని అరిచి, ఆమె చేతిలోంచి ఫోన్ లాక్కున్నాను. చక్రం మాత్రం ఆగలేదు.

"వైరు పెట్టి చూద్దాం బావా" అని చివరికి మరదలే అంది. వైరు పెట్టాలంటే బీరువా తాళం తీయాలి. అవును, మా రూటర్ ఉండేది ఇనుప బీరువాలో. కిటికీలోంచి దూరిన కోతి పాత రూటర్‌ను ఎత్తుకుపోయాక, బీరువా వెనక రంధ్రం కొట్టించి, కొత్తదాన్ని లోపల పెట్టి తాళం వేసింది నేనే. ఇంత తెలివి వీధిలో ఇంకెవరికుందని చెప్పుకు తిరిగింది కూడా నేనే. తలుపు తెరిచానో లేదో, వైరు పెట్టకముందే, లాప్‌టాప్‌లో అక్క మాట గలగలా వినిపించింది. నెట్‌ను ఇనుప పెట్టెలో బంధించింది కూడా నేనేనని తెలిసి సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

పదకొండింటికి తెరిచి ఉన్న బీరువా ముందు కూర్చుని మరదలు జవాబులు చెప్పింది. నేను కర్ర పట్టుకుని కిటికీ దగ్గర కోతులకు కాపలా కాశాను. ఉద్యోగం వచ్చింది.

ఆ మధ్యాహ్నమే ఫోన్ తిరిగిచ్చి, "తప్పు నాదే అవ్వా" అన్నాను. "పోనీ తియ్ కొడుకా" అంది. కానీ ఇప్పటికీ నా అడుగుల చప్పుడు వింటే చాలు, కథ ఎంత మంచి పట్టులో ఉన్నా ఫోన్ ఆపి ఒళ్లో పెట్టుకుంటుంది. ఆ రోజు నెట్ బాగుపడటానికి అరగంట చాలింది. అవ్వ నా ఎదుట మళ్లీ కథ వినడానికి నాలుగేళ్లు చాలలేదు.